గుడి బేస్‌మెంట్‌లో ఇంగ్లీషు, సిటిజన్‌షిప్ క్లాసులు: రాష్ట్రం గ్రాంట్‌కి మేం అప్లై చేయొచ్చా?

ఆదివారం_బడి | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. అమెరికాలో గ్రాంట్ల పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.

మా ఊళ్ళో గుడి బేస్‌మెంట్‌లో నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం రెండు గంటలు ఇంగ్లీషు, సిటిజన్‌షిప్ క్లాసులు నడుపుతున్నాం. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఏడుగురు పెద్దవాళ్ళతో మొదలైంది. ఇప్పుడు 38 మంది వస్తున్నారు. నేర్పేది ఏడుగురం, అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే, జీతాలు లేవు. పుస్తకాలు, జిరాక్సులు, టీ ఖర్చు మేమే వేసుకుంటాం. రెండేళ్ళ కిందట 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా రిజిస్టర్ చేశాం.

పోయిన వారం మా రాష్ట్రం నోటీసు ఒకటి చూశాను. డబ్ల్యూఐఓఏ అనే కేంద్ర ఉపాధి శిక్షణ చట్టం టైటిల్ 2, సెక్షన్ 243 కింద ఇంగ్లీషు, సివిక్స్ (పౌరజ్ఞానం) చదువుకి గ్రాంట్ అట. పేరు చూడగానే ఇది మాకోసమే పెట్టారనిపించింది. తీరా తెరిస్తే 80 పైచిలుకు పేజీలు. గడువు ఆరు వారాలు. మూడు రాత్రులు కూర్చుని చదివినా సగం అర్థం కాలేదు. తెలిసిన ఒక కన్సల్టెంట్ "నేను రాసిపెడతా, వచ్చిన గ్రాంట్‌లో పది శాతం ఇవ్వండి" అంటున్నాడు.

మాలాంటి చిన్న సంస్థకి ఇది అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 10:40

ముందు ఆ పది శాతం మాట వదిలేయండి. గ్రాంట్ డబ్బులోంచి కమిషన్ ఇవ్వడం కుదరదు, తర్వాత ఆడిట్‌లో మీరే ఇరుక్కుంటారు. రాసినందుకు ఇంత అని మీ సొంత డబ్బు ఇవ్వడం వేరే సంగతి. మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 11:25

నేను టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో తొమ్మిదేళ్ళుగా గ్రాంట్ల అకౌంట్స్ చూస్తున్నాను. మీ దగ్గరికొచ్చిన నోటీసు వెనకాల ఉన్న సంగతి ముందు చెప్తాను. అది తెలిస్తే 80 పేజీలూ తేలిగ్గా చదువుతారు.

2014 జులైలో వచ్చిన చట్టం అది. దాంట్లో రెండో భాగం పెద్దల చదువు గురించి. కేంద్రం ఆ పద్దు కింద రాష్ట్రాలకు ఇచ్చే డబ్బులో 12 శాతం ఇంగ్లీషు, సివిక్స్‌కి విడిగా తీసిపెడతారు. అలా తీసిపెట్టిన డబ్బులో 65 శాతం గత పదేళ్ళలో సగటున ఏ రాష్ట్రానికి ఎంతమంది గ్రీన్ కార్డ్ వాళ్ళు వచ్చారో చూసి పంచుతారు. మిగతా 35 శాతం ఈమధ్య మూడేళ్ళలో ఆ సంఖ్య పెరిగిన రాష్ట్రాలకు వెళ్తుంది. అంటే మీ క్లాసుకొచ్చే పెద్దాయన గ్రీన్ కార్డ్ కూడా ఆ లెక్కలో ఉన్నట్టే.

డబ్బు మీకు వాషింగ్టన్ నుంచి రాదు, రాష్ట్రం పోటీ పెట్టి పంచుతుంది. ఆ పోటీ నడిపే ఆఫీసు ఒక్కో చోట ఒక్కోటి. మా టెక్సస్‌లో వర్క్‌ఫోర్స్ కమిషన్, కాలిఫోర్నియాలో విద్యాశాఖ, న్యూజెర్సీలో కార్మిక శాఖ, జార్జియాలో టెక్నికల్ కాలేజీల వ్యవస్థ. కాబట్టి వేరే రాష్ట్రం వాళ్ళ పాత అప్లికేషన్ చూసి మక్కికి మక్కి రాయకండి.

చిన్న సంస్థ అని ఎవరూ వెనక్కి పంపరు. గుళ్ళు, చర్చిలు, లైబ్రరీలు, వాలంటీర్ సంస్థలు, అన్నీ పోటీకి రావచ్చు. అందరికీ ఒకే అప్లికేషన్, ఒకే పద్ధతి ఉండాలని చట్టంలోనే ఉంది. అయితే తలుపు దగ్గర ఒక మెట్టు ఉంది. ఇదివరకు పెద్దలకు చదువు చెప్పి ఫలితం చూపించామని లెక్కలతో నిరూపించాలి. ఆ లెక్క లేకపోతే మీరు రాసిన మిగతా పేజీలు ఎవరూ చదవరు, అక్కడే పక్కన పెట్టేస్తారు.

మీ దగ్గర ఏం లెక్కలున్నాయి? క్లాసులో చేరినప్పుడు పరీక్ష పెట్టారా? కొన్ని నెలల తర్వాత మళ్ళీ పెట్టారా?

ఆదివారం_బడి | సోమవారం, ఉదయం 7:05

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. హాజరు పట్టీ ఉంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఎంతమంది పాసయ్యారో రాసుకున్నాం, 14 మంది. పరీక్షలంటే మేం తయారుచేసిన క్విజ్‌లే. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

ఫ్రీమాంట్_టీచరమ్మ | సోమవారం, రాత్రి 9:18

నేను కాలిఫోర్నియాలో అడల్ట్ స్కూల్లో పదకొండేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నాను. అప్లికేషన్ రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. మీ 38 మంది పేర్లు కాగితం మీద రాసి, ఒక్కొక్కరి ఎదురుగా "ఈమె ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటోంది" అని రాయండి. ఉద్యోగం కోసమా, సిటిజన్‌షిప్ కోసమా, డాక్టర్ దగ్గర తన బాధ తనే చెప్పుకోవడానికా, మనవడితో మాట్లాడటానికా. అది చూస్తేనే ఈ డబ్బు మీకు సరిపోతుందో లేదో తెలుస్తుంది.

ఎందుకంటే సెక్షన్ 243 పేరులో సివిక్స్ ఉంది కానీ, ఆ ప్రోగ్రామ్ గమ్యం ఉద్యోగం. చట్టంలో రెండు లక్ష్యాలు రాశారు. ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్ళను డిమాండ్ ఉన్న పనులకు తయారుచేసి అందులో పెట్టించడం ఒకటి. స్థానిక ఉపాధి వ్యవస్థతో కలిసి నడవడం రెండోది. పైగా ఇంగ్లీషు, సివిక్స్ ఒక్కటే చెప్తే చాలదు, దానితో పాటు ఐఈటీ అనేది ఉండాలి. అంటే చదువు, పనికి కావలసిన అలవాట్లు, ఒక నిర్దిష్టమైన వృత్తి శిక్షణ, మూడూ ఒకే చోట ఒకదానితో ఒకటి కలిపి నడపాలి. ఉదాహరణకి నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేస్తున్న అమ్మాయికి అదే వారంలో రోగితో మాట్లాడే ఇంగ్లీషు, అక్కడి ఉద్యోగుల హక్కులు చెప్తారు.

చేరిన ప్రతివాళ్ళూ ఆ వృత్తి శిక్షణ తీసుకోవాలని లేదు. కావాలన్నవాళ్ళకి ఆ దారి నిజంగా ఉండాలి, కాగితం మీద మాత్రం ఉంటే సరిపోదు.

ఆదివారం_బడి | సోమవారం, రాత్రి 11:50

అక్కా, మీరు చెప్పినట్టే రాశాను. మా ఆవిడ, నేను కూర్చుని గంటన్నర పట్టింది. నాలుగేళ్ళుగా చూస్తున్న మనుషులే, అయినా కొందరి గురించి ఏమీ తెలియదని ఇవాళే తెలిసింది.

23 మంది అరవై దాటినవాళ్ళు. వాళ్ళకి ఉద్యోగం ధ్యాసే లేదు. సిటిజన్‌షిప్ కావాలి, లేదా ఫోన్ ఎత్తి మాట్లాడగలిగితే చాలు. మిగతా 15 మంది ముప్పై నుంచి యాభై లోపు ఆడవాళ్ళు. అందులో ఐదుగురికి గుంటూరు, వరంగల్ వైపు బీఈడీ చేసి బడిలో చెప్పిన అనుభవం ఉంది. ఇద్దరు బీఫార్మసీ. ఒకావిడ ల్యాబ్ టెక్నీషియన్. ఇప్పుడు ఇంట్లో ఉన్నారు, లేదంటే కిరాణా కొట్లో బిల్లింగ్ దగ్గర నిలబడుతున్నారు.

ఫ్రీమాంట్_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 6:30

ఆ పదిహేను మందే మీ అప్లికేషన్. సొంత దేశంలో డిగ్రీలు, సర్టిఫికెట్లు ఉన్న వృత్తి నిపుణులు కూడా ఈ ప్రోగ్రామ్ కిందికి వస్తారని చట్టంలో విడిగా రాసిపెట్టారు. చదువు లేనివాళ్ళకే ఈ క్లాసులని మనవాళ్ళు అనుకుని సిగ్గుపడి రారు. ఫిజిక్స్ చెప్పిన టీచరు ఇక్కడ డేకేర్‌లో అసిస్టెంట్‌గా కూడా ఇంటర్వ్యూకి వెళ్ళడానికి భయపడుతుంది. నా క్లాసులో అలాంటివాళ్ళను ఎంతమందిని చూశానో. ఆరు నెలలు సరిగ్గా నేర్పితే వాళ్ళు లేచి నిలబడతారు.

పెద్దవాళ్ళ సంగతి రాత్రికి రాస్తాను, బస్సు దిగాలి.

ఫ్రీమాంట్_టీచరమ్మ | మంగళవారం, రాత్రి 9:44

పెద్దవాళ్ళ గురించి. చాలామంది పిల్లలకి తెలియక అమ్మానాన్నల్ని అనవసరంగా కంగారు పెడుతున్నారు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు వయసు ఒక్కటే చూసి ఇవ్వరు. యాభై దాటి గ్రీన్ కార్డ్ మీద 20 ఏళ్ళు ఉండాలి, లేదా యాభై ఐదు దాటి 15 ఏళ్ళు ఉండాలి. అప్పుడు సివిక్స్ ప్రశ్నలు తెలుగులో, దుబాసీని పెట్టుకుని చెప్పొచ్చు. అరవై ఐదు దాటి 20 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక, చదవాల్సిన ప్రశ్నలు ఇరవయ్యే. కానీ మన అమ్మలు, నాన్నలు వచ్చేదే యాభై ఎనిమిదికో అరవైకో. మా అమ్మ 59 ఏట వచ్చింది. అరవై ఏడొచ్చినా గ్రీన్ కార్డ్ మీద ఎనిమిదేళ్ళే. ఆమెకి ఏ మినహాయింపూ లేదు, ఇంగ్లీషులోనే చదవాలి, రాయాలి, ఆఫీసర్‌తో మాట్లాడాలి. వైకల్యం వల్ల నేర్చుకోలేనివాళ్ళకి డాక్టర్ రాసిచ్చే ఎన్-648 ఫారం ఉంది, అది వయసు కోసం పెట్టింది కాదు.

పైగా 2025 అక్టోబర్ 20 నుంచి ఎన్-400 (సిటిజన్‌షిప్ అప్లికేషన్) వేసినవాళ్ళకి కొత్త సివిక్స్ పరీక్ష. ఇదివరకు 100 ప్రశ్నలు చదివితే పది అడిగేవారు, ఆరు చెప్తే పాస్. ఇప్పుడు 128 చదవాలి, ఇరవై వరకు అడుగుతారు, పన్నెండు చెప్పాలి. మీ దగ్గర పాత ప్రశ్నల జిరాక్సులు ఉంటే ఎవరు ఎప్పుడు అప్లై చేశారో చూసుకుని ఇవ్వండి. మొదటిసారి తప్పితే అదే అప్లికేషన్ మీద ఇంకో అవకాశం ఉంటుంది, 60 నుంచి 90 రోజుల్లో మళ్ళీ పిలుస్తారు. మా అమ్మ రెండోసారి పాసయింది. మొదటిసారి ఆమెకి జవాబులన్నీ వచ్చు, ఆఫీసర్ "ప్రామిస్" అంటే ఏమిటో చెప్పమంటే నోరు రాలేదు.

ఈ పెద్దవాళ్ళ కోసం మీరు చేసే పని గొప్పది. కానీ వాళ్ళను ఉద్యోగాల ప్రోగ్రామ్‌లో చూపిస్తే మీ లెక్కలు దెబ్బతింటాయి, వాళ్ళకీ మేలు జరగదు. వాళ్ళకి వేరే డబ్బు వెతకాలి.

కరీంనగర్_కుర్రోడు | మంగళవారం, రాత్రి 10:20

సిటిజన్‌షిప్ క్లాసులకే యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) సొంతంగా గ్రాంట్లు ఇస్తది కదా అన్నా? 2009 నుంచి ఉన్నట్టు చదివిన.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:58

ఉండేవి తమ్ముడూ. 2025లో ఆ ప్రోగ్రామ్‌ని ఆపేశారు. దాన్ని నమ్ముకున్న చాలా సంస్థలు మధ్యలో క్లాసులు మూసుకున్నాయి. దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయొద్దు.

ఈ సెక్షన్ 243 డబ్బు కూడా రాయి మీద గీత అనుకోవద్దు. 2025 జులై 1న రాష్ట్రాలకు రావాల్సిన పెద్దల చదువు నిధులు కేంద్రం పట్టి ఉంచింది, ఆ నెలాఖరులో గానీ వదల్లేదు. ఆ మూడు నాలుగు వారాలు మా కాలేజీలో పార్ట్ టైమ్ టీచర్లకి ఏం చెప్పాలో తెలియలేదు. జీతాలు పూర్తిగా దీని మీదే ఆధారపడేలా పెట్టుకోకండి.

ఇంకో ముఖ్యమైన విషయం, డబ్బు ముందు రాదు. చాలా రాష్ట్రాల్లో మీరు ఖర్చు పెట్టి, బిల్లులు పెట్టి, తర్వాత వెనక్కి తెచ్చుకోవాలి. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో లేకపోతే గెలిచిన గ్రాంట్ కూడా బరువవుతుంది. మీ సంస్థ ఖాతాలో ఎంత ఉందో తెలుసుకోవచ్చా?

ఆదివారం_బడి | బుధవారం, ఉదయం 8:15

మొహమాటం లేకుండా చెప్తాను, 6,200 డాలర్లు.

కరీంనగర్_కుర్రోడు | బుధవారం, మధ్యాహ్నం 12:40

అయితే ఒక్కరే పోయే బదులు కాలేజీలతోటి కన్సార్షియంలో, అంటే కలిసి అప్లై చేసే గుంపుల, చేరండి. పైసలు వాళ్ళు చూసుకుంటరు, పిల్లలను, అదే, నేర్చుకునేటోళ్ళను మీరు తెస్తరు. మా దగ్గర నార్త్ కరోలినాలో కమ్యూనిటీ కాలేజీలే ఈ క్లాసులు చాలావరకు నడిపిస్తయి.

లెక్కల_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:02

తమ్ముడి సలహా మంచిదే, అందులో ఒక చిక్కు ఉంది. కన్సార్షియంలో సభ్యులుగా చేరితే సభ్యులు ఒక్కొక్కరూ పాత ఫలితాల లెక్క విడివిడిగా చూపించాలని నోటీసుల్లో ఉంటుంది. మీ దగ్గర ఆ లెక్క లేదు కాబట్టి, మీ వల్ల మొత్తం అప్లికేషన్ చిక్కుల్లో పడకూడదు.

దానికి బదులు సభ్యత్వం అడక్కుండా భాగస్వామిగా వెళ్ళండి. కాలేజీ వాళ్ళు అప్లై చేస్తారు, మీతో ఒక అవగాహన ఒప్పందం రాసుకుంటారు. మీరు నేర్చుకునేవాళ్ళను తీసుకొస్తారు, తెలుగులో మాట్లాడి చేర్పిస్తారు, పిల్లల్ని చూసుకోవడానికి మనుషుల్ని ఇస్తారు. వాళ్ళ టీచరు వచ్చి చెప్తారు, వాళ్ళ పరీక్షలు పెడతారు. ఒకటి రెండేళ్ళలో మీకంటూ లెక్కలు పోగవుతాయి. ఈ గ్రాంట్లు కొన్నేళ్ళకి కలిపి ఇస్తారు, అంటే తర్వాతి పోటీ వచ్చేసరికి మీరు సొంతంగా నిలబడే స్థితిలో ఉంటారు.

ఇప్పటి నుంచే చేయాల్సింది: చేరిన రోజే ఆమోదం ఉన్న పరీక్ష ఒకటి పెట్టించండి. కాసాస్, బెస్ట్ ప్లస్ లాంటివి. మీ రాష్ట్రం ఏది ఒప్పుకుంటుందో అడగండి. పన్నెండు గంటలు క్లాసులో కూర్చుంటేనే ఒక మనిషి లెక్కలోకి వస్తారు. తర్వాతి పరీక్షకి ముందు తగినన్ని గంటలు ఉండాలి, కాసాస్ అయితే 70 నుంచి 100 గంటలు మంచిదంటారు, కనీసం 40. ఆదివారం రెండు గంటలంటే అది ఎన్ని నెలలో చూసుకోండి.

ఆదివారం_బడి | బుధవారం, రాత్రి 10:31

వారానికి రెండు గంటలైతే 40 గంటలకే ఐదు నెలలు. పండగలు, మంచు తీసేస్తే ఆరు. నాలుగేళ్ళలో ఈ లెక్క ఒక్కసారి కూడా వేసుకోలేదు. వారంలో ఇంకో సాయంత్రం పెట్టడానికి మా వాలంటీర్లతో మాట్లాడతాను.

పెన్నా_ఒడ్డు | గురువారం, రాత్రి 8:50

నేను గ్రాంట్ల మనిషిని కాను, మా అమ్మ నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీర్‌గా పనిచేసింది. రాత్రి లాంతరు పెట్టుకుని అరుగు మీద పలక పట్టించేది. అందుకే ఈ చర్చ చదువుతుంటే ఆగలేకపోయాను.

అప్పుడు వాచకంలో పాఠాలు వాళ్ళ బతుకుల్లోంచే వచ్చేవి. కూలి, తాగుడు, నీళ్ళు. దూబగుంటలో ఆ పాఠాలు చదివిన ఆడవాళ్ళు, రోశమ్మగారు ముందుండి, సారా కొట్టు మూయించారు. అక్కడ పుట్టిన మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్చుకోవడం, ఊరి వ్యవహారంలో నోరు విప్పడం ఒకే రాత్రి బడిలో జరిగాయి. అమెరికా వాళ్ళు సివిక్స్ అంటున్నది అదే అని నాకు అనిపిస్తుంది.

మీ అప్లికేషన్‌లో "అవసరం ఏమిటి" అనే భాగం ఉంటుంది కదా. అందులో జనాభా లెక్కలు పెట్టండి, తప్పదు. దాంతో పాటు మీ పదిహేను మంది ఎక్కడ ఆగిపోతున్నారో రాయండి. బడి నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి భయపడే తల్లి, మందుల షాపులో అడగలేక మందు లేకుండా వచ్చేసిన మనిషి. పేర్లు వద్దు. వాళ్ళ మాటే మీ బలం.

ఫ్రీమాంట్_టీచరమ్మ | గురువారం, రాత్రి 9:35

పెన్నా ఒడ్డు గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మా కాలిఫోర్నియాలో సరిగ్గా ఇదే పద్ధతి ఉంది. ఈఎల్ సివిక్స్ (ఇంగ్లీషుతో కలిపి చెప్పే సివిక్స్) కింద ముందు నేర్చుకునేవాళ్ళని అడిగి, వాళ్ళకి కావలసిన విషయాలు ఎంచుకుంటాం. డాక్టర్‌తో మాట్లాడటం, పిల్లల టీచర్‌తో మీటింగ్, అద్దె ఇంటి ఒప్పందం లాంటివి. చివర్లో ఆ పని నిజంగా చేసి చూపించాలి. రోగి పాత్రలో కూర్చుని లక్షణాలు చెప్పాలి, ఫారం నింపాలి. రాజ్యాంగం ప్రశ్నలు బట్టీ పెట్టడం ఒక్కటే సివిక్స్ అని రాయకండి, చూసేవాళ్ళకి అది చాలా పలచగా కనిపిస్తుంది.

హెచ్4_అమ్మాయి | శుక్రవారం, ఉదయం 11:10

నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. గ్రాంట్ వస్తే నాలాంటివాళ్ళను క్లాసులోంచి తీసేస్తారా? మా ఏరియాలో ఒక సెంటర్‌లో వీసా కాగితాలు అడిగితే భయపడి మానేశాను.

లెక్కల_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 1:22

భయపడకండి అమ్మా. పరిస్థితి ఇదీ. టైటిల్ 2 చదువుకి అర్హత అంటే పదహారేళ్ళు నిండాలి, హైస్కూల్లో ఉండకూడదు, ఇంగ్లీషు నేర్చుకోవాల్సిన అవసరమో, హైస్కూల్ డిప్లొమా లేకపోవడమో, చదువు పునాది తక్కువగా ఉండటమో ఏదో ఒకటి ఉండాలి. ఇన్నేళ్ళూ కేంద్రం వైపు నుంచి వీసా అడ్డం కాలేదు. 2025 జులైలో కేంద్ర విద్యాశాఖ ఈ క్లాసుల్ని కొన్ని ఇమిగ్రేషన్ హోదాల వాళ్ళకే పరిమితం చేస్తామని ప్రకటించింది. ఇరవై దాకా రాష్ట్రాలు కోర్టుకెళ్తే ఆ రాష్ట్రాల్లో కోర్టు అమలు ఆపింది. కాబట్టి మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆదివారం బడి వారూ, ఇది మీరు రాష్ట్రం ఆఫీసుకి ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. నోటీసులో ప్రశ్నలు అడగడానికి ఒక గడువు ఇస్తారు, ఆలోపే అడగాలి.

ఆదివారం_బడి | శుక్రవారం, రాత్రి 9:00

హెచ్4 అమ్మాయి గారూ, మీరు మా దగ్గర్లో ఉంటే ఆదివారం వచ్చేయండి. ఇక్కడ ఏ కాగితాలూ అడగం. గ్రాంట్ క్లాసు వేరేగా నడిచినా ఆదివారం క్లాసు అందరికీ ఉంటుంది, దాన్ని మాత్రం మార్చం.

మాస్టారూ, ఇంకో సందేహం. క్లాసు గుడిలో కదా. మొదట్లో శ్లోకంతో మొదలుపెడతాం. అది ఇబ్బందా?

లెక్కల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:14

గుడిలో నడపడం తప్పు కాదు, మతసంస్థలకీ ఈ డబ్బు ఇస్తారు. కేంద్రం డబ్బుతో నడిచే క్లాసులో మాత్రం పూజ, ప్రార్థన, మతబోధ ఉండకూడదు. అవి వేరే సమయంలోనో వేరే గదిలోనో ఉండాలి, రావడం ఎవరి ఇష్టం వాళ్ళది. ఏ మతం వాళ్ళు వచ్చినా చేర్చుకోవాలి. శ్లోకం పావుగంట ముందు పైన చెప్పుకోండి, క్లాసు కింద మొదలుపెట్టండి. మీ ఊళ్ళో స్పానిష్ వాళ్ళు, బెంగాలీ వాళ్ళు కూడా నేర్చుకోవాలనుకుంటారు, వాళ్ళకి తలుపు తెరిచి ఉందని అప్లికేషన్‌లో ఎలా చూపిస్తారో ఆలోచించండి. తెలుగువాళ్ళకి మాత్రమే అంటే నిలబడదు.

బడ్జెట్ గురించి ఒక్క మాట. డబ్బులో కనీసం 95 శాతం చదువు చెప్పడానికే పెట్టాలి. ప్లానింగ్, అకౌంట్స్, టీచర్ల శిక్షణ, అన్నీ కలిపి ఐదు శాతంలో సర్దాలి. మరీ కుదరకపోతే రాష్ట్రంతో మాట్లాడి కాస్త పెంచుకోవచ్చు. చిన్న సంస్థలు ఇక్కడే దెబ్బతింటాయి. నెలనెలా రిపోర్టులు, హాజరు ఎంట్రీ, టైమ్‌షీట్లు, ఇవన్నీ చేసే మనిషికి ఆ ఐదు శాతంలో ఏమొస్తుంది? నేను పార్ట్‌నర్‌గా వెళ్ళమన్నది అందుకే. సామ్ డాట్ గవ్ అనే కేంద్రం వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని యూఈఐ (సంస్థ గుర్తింపు) నంబరు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి, ఒక్కోసారి వారాలు పడుతుంది.

గోదారి_గట్టు | శనివారం, ఉదయం 9:27

పెద్దవాళ్ళ 23 మందికి డబ్బు సంగతి నేను చెప్తా. మీ ఏడుగురూ సాఫ్ట్‌వేర్ అన్నారు. మీ కంపెనీల్లో వాలంటీర్ మ్యాచింగ్ ఉందేమో హెచ్ఆర్‌ని అడిగారా? చాలా పెద్ద కంపెనీలు మనం సేవ చేసిన గంటకి ఇంత అని ఆ సంస్థకి ఇస్తాయి, మనం ఇచ్చిన చందాకి సమానంగా ఇంకో చందా వేస్తాయి. సంస్థని వాళ్ళ పోర్టల్‌లో ఒకసారి నమోదు చేయించాలి, అంతే. మా తెలుగు సంఘంలో నలుగురు ఉద్యోగులు ఏడాది గంటలు నింపితే పిల్లల లైబ్రరీకి పుస్తకాలు వచ్చాయి.

ఊరి పబ్లిక్ లైబ్రరీలో గది ఉచితంగా ఇస్తారు, కొన్నిచోట్ల పుస్తకాలూ ఇస్తారు. ప్రోలిటరసీ అనే సంస్థ వాళ్ళ నేషనల్ బుక్ ఫండ్ అని ఉంది, పెద్దల చదువు సంస్థలకి పుస్తకాల రూపంలో ఇస్తారు. యూఎస్‌సీఐఎస్ వాళ్ళ సివిక్స్ పుస్తకాలు ఎలాగూ నెట్‌లో ఉచితమే.

ఫ్రీమాంట్_టీచరమ్మ | శనివారం, ఉదయం 10:03

ఒక జాగ్రత్త. క్లాసులో ఎవరైనా "బాబూ, నా ఎన్-400 నింపిపెట్టు" అంటే వాలంటీర్లు నింపకండి, ఏ జవాబు రాయాలో సలహా ఇవ్వకండి. లాయర్ గానీ, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి గానీ చేయాల్సిన పని అది. ప్రేమతో చేసిన తప్పు వల్ల పెద్దావిడ కేసు చిక్కుల్లో పడటం నేను చూశాను. మంచి లీగల్ ఎయిడ్ సంస్థ పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించండి.

ఆదివారం_బడి | ఏడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

సొంతంగా అప్లై చేయలేదు. ఆ నిర్ణయానికి మా కమిటీలో రెండు వారాలు పట్టింది, ఇద్దరు చాలా నొచ్చుకున్నారు. మాస్టారు రాసిన పోస్టులు ప్రింట్ తీసి అందరికీ ఇచ్చాను. తర్వాత దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ పెద్దల చదువు విభాగానికి వెళ్ళాం. వాళ్ళకి టీచర్లున్నారు, పరీక్షలున్నాయి, మా వైపు నుంచి నేర్చుకునేవాళ్ళు రావట్లేదట. పదిహేను మంది జాబితా, ఒక్కొక్కరి ఎదురుగా కారణం, చదువు, వీలయ్యే సమయం రాసిన ఆ కాగితమే వాళ్ళ ముందు పెట్టాను. ఆ విభాగం చూసే ఆవిడ చాలాసేపు చదివింది. "ఈ ఐదుగురు టీచర్లు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అని అడిగింది.

గడువుకి ముందే ఒప్పందం రాసుకున్నాం. వాళ్ళ అప్లికేషన్‌లో మేం భాగస్వాములం. మంగళవారం, గురువారం సాయంత్రం లైబ్రరీలో క్లాసు, చైల్డ్‌కేర్ అసిస్టెంట్ శిక్షణతో కలిపి. మందుల షాపు టెక్నీషియన్ కోర్సు రెండో ఏడాది అనుకుంటున్నారు. గ్రాంట్ ఫలితం వేసవిలో తెలుస్తుంది. రాకపోయినా మొదటి క్లాసు వాళ్ళ దగ్గర ఉన్న డబ్బుతో నడుపుతామన్నారు.

వీసా విషయం ఈమెయిల్‌లో అడిగాను. మా రాష్ట్రంలో ఇప్పటికి అడ్డం లేదని రాతపూర్వకంగా ఇచ్చారు. హెచ్4 అమ్మాయి గారూ, మీరు నాకు మెసేజ్ పెట్టారు కదా, మీ పేరు కూడా జాబితాలో చేర్చాను.

పెద్దవాళ్ళ క్లాసు ఆదివారమే. శ్లోకం పైన, పాఠం కింద. ముగ్గురి కంపెనీల్లో మ్యాచింగ్ దొరికింది, మొదటి చెక్కు వచ్చింది. దాంతో 128 ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ చేయించాం. డెబ్భై రెండేళ్ళ మా రెడ్డిగారు మొదటి రోజే నలభై వరకు చదివేశారు.

పెన్నా_ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:48

మా అమ్మకి చదివి వినిపించాను. రెడ్డిగారికి అద్దాలు సరిగ్గా ఉన్నాయా అని అడగమంది. రాత్రి బడిలో సగం మంది మానేసింది కళ్ళు కనపడకే అంటోంది.

ఆదివారం_బడి | ఆదివారం, రాత్రి 10:05

అమ్మగారు చెప్పింది నిజం. ఇద్దరు పేజీని చేతికి దూరంగా పట్టుకుని చదువుతున్నారు. వచ్చే ఆదివారం మా వాలంటీర్ ఒకతను అందరినీ అడిగి రాసుకుంటాడు.

ఇంకో సాయం కావాలి. శనివారం ఉదయం కాలేజీలో పదిహేను మందికి మొదటి పరీక్ష ఉంది. ఆరుగురికి కారు లేదు, ఇద్దరికి చంటిపిల్లలు. మా చుట్టుపక్కల ఎవరైనా తొమ్మిదింటికి దింపి పన్నెండింటికి తీసుకురాగలిగితే మెసేజ్ పెట్టండి.

కరీంనగర్_కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:11

మా చెల్లె మీ వైపే ఉంటది అన్నా. ఏడు సీట్ల బండి ఉంది. రేపు మాట్లాడి నంబర్ పంపుత.